ఓడలో మొదటి రాత్రి

మా అమ్మకు చాలా ఏళ్లుగా షుగర్ ఉంది. ఈ మాట ముందే చెప్పాలి. ఆ రాత్రి మేమంతా సముద్రాన్నే తిట్టుకున్నాం గానీ, షుగర్ సంగతి చాలాసేపటి వరకు ఎవరికీ తోచలేదు.

2022 జూన్‌లో విశాఖపట్నం నుంచి పుదుచ్చేరి, చెన్నై వైపు కార్డీలియా వాళ్ల ఎంప్రెస్ ఓడ నడిచింది. మన తీరం నుంచి అలాంటి విహార ఓడ బయల్దేరడం కొత్త. పేపర్లలో ఫొటోలు వచ్చాయి. బెంగళూరులో ఉండే మా తమ్ముడు అవి చూసి మాకు టిక్కెట్లు కొన్నాడు. అమ్మకి, నాకు, మా ఆయనకి, పిల్లలిద్దరికీ. వాడికి సెలవు దొరకలేదు. అమ్మని బాగా చూసుకో అక్కా అన్నాడు.

మాది వడ్డాది. అమ్మకు తెలిసిన నీళ్లంటే ఊరి పక్కన పెద్దేరే. ఓడ పేరెత్తగానే ఆమెకు కచ్చులూరు గుర్తొచ్చింది. 2019 సెప్టెంబరు 15న పాపికొండలకు వెళ్తున్న పడవ అక్కడ గోదావరిలో మునిగింది. మా జిల్లా వాళ్లూ అందులో ఉన్నారు. ధర్మాడి సత్యం బృందం ముప్పై ఎనిమిదో రోజున ఆ పడవను పైకి తీసేదాకా అమ్మ రోజూ టీవీ ముందే కూర్చుంది. అందుకే, "నానెక్కన్రా బాబూ. గోదాట్లో పోయినోళ్లు సాల్లేదేటి?" అంది తమ్ముడితో. ఇది పదకొండు అంతస్తుల ఓడ అని వాడు నచ్చజెప్పాడు. అంతస్తుల లెక్క విన్నాక అమ్మ మెత్తబడింది. నేను మాత్రం మెత్తబడలేదు, బయటికి చెప్పలేదంతే.

బుధవారం పొద్దున అమ్మ కొండమీద వెంకన్నకు దణ్ణం పెట్టుకొచ్చింది. మందుల డబ్బా తనే సర్దుకుంది. బీపీ మాత్ర, షుగర్ మాత్రలు, వాంతులు కాకుండా వేసుకునే మాత్రలు. చోడవరంలో ఆగి పిల్లలకు బిస్కెట్లు కొన్నాం. మాడుగుల హల్వా ముందురోజే తెప్పించి ఉంచాం. సబ్బవరం మీదుగా మధ్యాహ్నానికి పోర్టు చేరాం.

అక్కడ టీకా సర్టిఫికెట్లు, ఆధార్ చూశారు. సామాను తీసుకుని చీటీలు కట్టారు. మనిషికో కార్డు ఇచ్చారు. గది తాళం కూడా అదే. ఓడ లోపలికి అడుగుపెట్టగానే అమ్మ నిలబడిపోయింది. మెట్లు, లిఫ్టులు, దీపాలు. "ఓలమ్మ, ఇది ఓడేటే? పెళ్లిమండపంలాగుంది" అంది. ఆమె ముఖం అంత వెలగడం నాన్న పోయాక నేను చూడలేదు. ఆ పూట మేం బాగానే ఉన్నాం. అదీ రాయాలి. తినడానికి పిలిస్తే అమ్మ కాస్త అన్నం, పెరుగు తింది. ఆ సందడిలో కడుపునిండా తిన్నదో లేదో నేను చూడలేదు.

బయల్దేరేముందు అందరినీ ఒకచోటికి రమ్మన్నారు. ప్రమాదం వస్తే ఎటు వెళ్లాలి, లైఫ్ జాకెట్ ఎలా కట్టుకోవాలి అని చూపించారు. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత. ప్రపంచంలో ఏ ఓడలోనైనా హెచ్చరిక అదేనట. ఆ కూత వినగానే అమ్మ నా చెయ్యి పట్టుకుంది. పట్టు బాగా గట్టిగా ఉంది. ఆ రాత్రి తర్వాత ఆ పట్టు చాలాసార్లు గుర్తొచ్చింది.

ఓడ కదిలాక అందరం పైకెళ్లాం. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనుంచి జరిగిపోయింది. బీచ్ రోడ్డు దీపాలు చిన్నవయ్యాయి. పాప ఒకటే కేకలు. అమ్మ కొంగు చెవుల మీంచి బిగించి కట్టుకుని కొండవైపే చూసింది. తమ్ముడికి వీడియో కాల్ చేశాం. మాట్లాడుతుండగానే తెగిపోయింది. ఆ తర్వాత సిగ్నల్ రాలేదు.

అమ్మ షుగర్ మాత్ర అన్నానికి అరగంట ముందు వేసుకుంటుంది. డాక్టరు చెప్పిన పద్ధతి అదే. ఆరోజూ గదిలో కూర్చుని నీళ్లతో మింగింది. ఆ మాత్రలో రెండు మందులు కలిసి ఉంటాయి, గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్. ఈ పేర్లు అప్పటికి నాకు తెలియవు. అట్ట రంగు తెలుసు, అంతే.

భోజనానికి వెళ్లేసరికి ఓడ ఊగడం మొదలైంది. జూన్ నెల, ఋతుపవనం గాలి. పెద్ద తుఫానేం కాదు. నేల నెమ్మదిగా లేచి, నెమ్మదిగా దిగుతోంది. కళ్లకు గోడలు కదలనట్టే కనిపిస్తాయి. చెవి లోపలి భాగం మాత్రం కదులుతున్నామని చెబుతుంది. ఆ రెండూ పొసగకపోవడమే వికారమని తర్వాత నర్సు చెప్పింది. పగలైతే దూరంగా ఆకాశం నీళ్లు కలిసే గీతను చూస్తూ కూర్చుంటే కొంత తగ్గుతుందట. రాత్రి ఆ గీత ఉండదు. మా గదికి కిటికీ కూడా లేదు.

అమ్మ కంచం ముందు కూర్చుని ఒక ముద్ద కూడా నోట పెట్టలేదు. నూనె వాసన పడటం లేదంది. నాకూ అలాగే ఉంది. గదికి వచ్చేశాం. వచ్చీ రాగానే అమ్మకు వాంతి. మళ్లీ వాంతి. తెచ్చుకున్న వాంతుల మాత్ర ఇచ్చాం. కాసేపటికి నిద్రపోయింది. నడవాలో మెట్ల పక్కన కాగితం సంచులు పెట్టి ఉన్నాయి. తలుపుల వెనక దగ్గులు, కక్కుళ్లు వినిపిస్తున్నాయి. అందరికీ ఇదే కదా అనుకున్నాను. అందరికీ ఒకటే జరుగుతున్నప్పుడు మనింట్లో ఇంకేదో జరుగుతోందని అనిపించదు.

నేను బాత్రూమ్‌లో నేలమీద కూర్చుండిపోయాను. లేస్తే కడుపు తిప్పేస్తోంది. మా ఆయన, పాప పక్క గదిలో పడిపోయారు. బాబు ఒక్కడే నిలబడ్డాడు. వాడు పదో తరగతి పరీక్షలు రాసి ఉన్నాడు. వాడికి ఏమీ కాలేదు, ఎందుకో తెలియదు. మా ఇద్దరికీ నీళ్లు అందిస్తూ తిరిగాడు.

అర్ధరాత్రి దాటింది. అమ్మ ఏదో అంటే లేచి వచ్చాను. "బండి కట్టీసేరా?" అంటోంది. కలవరింత అనుకున్నాను. దుప్పటి సర్దుదామని మెడ కింద చెయ్యి పెట్టాను. తడి. దిండు మొత్తం తడిసిపోయింది. ఏసీ గది. ఒళ్లు చల్లగా ఉంది, చెమట మాత్రం కారిపోతోంది. అమ్మా అని పిలిచాను. కళ్లు తెరిచి నన్ను చూసింది. చూసి, ఎప్పుడో పోయిన మా పెద్దమ్మ పేరు పెట్టి పిలిచింది. మాట ముద్దగా వస్తోంది. చెయ్యి ఎత్తి పట్టుకోమంటే పట్టుకోలేదు. అదే చెయ్యి సాయంత్రం నన్ను నొప్పి పుట్టేలా పట్టుకుంది.

పక్షవాతం అనుకున్నాను. ఆ మాట మనసులోకి రాగానే నా బుర్ర పని చెయ్యడం మానేసింది. ఫోన్ తీశాను. 108 కొట్టాను. సిగ్నల్ లేదని నాకు తెలుసు. తెలిసీ మళ్లీ కొట్టాను. వడ్డాదిలో అయితే పక్కింటి తలుపు కొట్టేదాన్ని, ఆటో కట్టించి చోడవరం పరుగెత్తేదాన్ని. ఇక్కడ నాలుగు వైపులా నీళ్లు. నడవాలోకి పరుగెత్తి తెలుగులో కేకలు పెట్టాను. ఏం కేకలు పెట్టానో నాకు గుర్తు లేదు. "మా అమ్మ సచ్చిపోతంది" అన్నానని బాబు తర్వాత చెప్పాడు. ఆ నడవాలన్నీ ఒకేలా ఉంటాయి. కొంచెం దూరం వెళ్లి తిరిగి చూస్తే మా గది ఏదో తెలియలేదు. అక్కడే కూర్చుని ఏడ్చాను.

మా గదులు శుభ్రం చేసే అబ్బాయి వచ్చాడు. ఈశాన్యం వైపు అబ్బాయి. నా కార్డు మీది నంబరు చూసి గదికి తీసుకొచ్చాడు. గదిలో ఉన్న ఫోన్ ఎత్తి ఎవరికో నాలుగు మాటలు చెప్పాడు. ఆ ఫోన్ మంచం పక్కనే ఉంది. సాయంత్రం నుంచీ అక్కడే ఉంది. ఆ తర్వాత అతను అమ్మ నుదుటి మీద చెయ్యి వేసి హిందీలో, షుగర్ ఉందా అని అడిగాడు. వాళ్ల నానమ్మకు ఇలాగే అయిందట. ఆ రాత్రి షుగర్ అన్న మాట మొదట అన్నది అతనే.

ఇంతలో మా ఆయన గోడలు పట్టుకుంటూ వచ్చారు. షుగర్ పడిపోయిందంటే తీపి పెట్టాలని ఆయనకు తెలుసు. సంచీలోంచి హల్వా తీసి అమ్మ నోటి దగ్గర పెట్టారు. అప్పుడే నర్సు వచ్చి ఆయన చెయ్యి ఆపేసింది. మనిషి తెలివిగా ఉండి, తనంతట తాను మింగగలిగితే చక్కెర నీళ్లు, గ్లూకోజు వెంటనే ఇవ్వాలి. తెలివి తప్పుతున్న మనిషి నోట్లో ఏదీ పెట్టకూడదు. గొంతుకు అడ్డం పడుతుంది, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆమె ఇదంతా అప్పుడు చెప్పలేదు. అప్పుడు ఒక్క మాటే అంది, నో. తర్వాత తీరిగ్గా చెప్పింది.

వేలికి సూది గుచ్చి చూసింది. 38. డెబ్బైకి తగ్గితేనే తక్కువ అంటారు. యాభై నాలుగు కంటే కిందికి పోతే ప్రమాదం. ఆమె నాకు ఆ అంకె చూపించి, ఇది పక్షవాతం కాకపోవచ్చు అంది. షుగర్ బాగా పడిపోయినా మాట ముద్దకట్టడం, మనుషుల్ని పోల్చుకోలేకపోవడం ఉంటాయట. నాకు హిందీ అంతంతమాత్రం. ఆమె మలయాళీ. మా ఇద్దరి మధ్య బాబు నిలబడి చెప్పాడు. మా అమ్మ బతుకుతుందా అన్న ప్రశ్న కూడా నేను వాడి నోటితోనే అడిగించాను. పదహారేళ్ల వాడితో అడిగించాల్సిన మాట కాదది.

చక్రాల కుర్చీలో కిందికి తీసుకెళ్లారు. వైద్యశాల ఓడ కింది అంతస్తులో ఉంది. అక్కడ ఊగడం తక్కువ. డాక్టరు చేతికి సూది పెట్టి గ్లూకోజు ఎక్కించాడు. ఏవో కాగితాలు ఇస్తే చదవకుండా సంతకం పెట్టాను. పెడుతుండగా ఒక ఆలోచన వచ్చింది. దీనికి ఎంత అవుతుందో, తమ్ముడిని అడగాలా అని. అమ్మకు ఇంకా తెలివి రాలేదు. అప్పుడు నాకు వచ్చిన ఆలోచన అది. ఇన్నాళ్లు ఎవరికీ చెప్పుకోలేదు.

పది నిమిషాలు కాలేదు, అమ్మ కళ్లు తెరిచింది. గది చుట్టూ చూసింది. నన్ను చూసి, "ఏటే, అలగున్నావు? గుంటలు తిన్నారా?" అంది. నా పేరు పెట్టి పిలిచింది. మళ్లీ చూస్తే 112 ఉంది. నేను నర్సు చేతులు పట్టుకుని ఏదో చెప్పబోయి పక్కకు తిరిగి వాంతి చేసుకున్నాను. ఆ గది నేలమీదే. అమ్మ పక్కన కూర్చోవాల్సిన దాన్ని ఇంకో మంచం మీద పడుకోవాల్సొచ్చింది. తల ఎత్తితే చాలు, కడుపు తిరిగిపోతోంది.

అప్పుడు అమ్మ చెయ్యి పట్టుకుని కూర్చున్నది ఎవరో తెలియని మనిషి. మా ఎదురు గదిలో ఉన్న పార్వతీపురం పెద్దమ్మ. నా కేకలకు లేచి, మా వెనకే కిందికి దిగి వచ్చింది. పొమ్మన్నా పోలేదు. అమ్మ తడిసిన జాకెట్టు ఆమే మార్చింది. తన చీర తెచ్చి కట్టింది. అమ్మతో ధాన్యం ధర, మోకాళ్ల నొప్పులు, కోడళ్లు అన్నీ మాట్లాడింది. ఊరికే మాట్లాడటం కాదది. మాటలో తేడా వస్తే చెప్పమని నర్సు ఆమెకు అప్పజెప్పింది. నేను పక్క మంచం మీంచి వింటూ పడుకున్నాను. కన్నతల్లికి చాకిరీ చెయ్యడానికి పరాయి మనిషి కావాల్సొచ్చిందని సిగ్గుపడ్డాను. ఆమె లేకపోతే ఏమయ్యేదో అని భయపడ్డాను. రెండూ ఒకేసారి.

గండం గడిచిందనుకున్నాను. తెల్లవారుజామున మళ్లీ చూస్తే 61. అమ్మకు మళ్లీ చెమటలు. ఆ రాత్రి మొత్తంలో నేను ఎక్కువ భయపడింది అప్పుడే. మొదటిసారి ఏమవుతోందో తెలియదు. రెండోసారి తెలుసు.

డాక్టరు మాత్రం ఇది ఎదురుచూసినట్టే ఉన్నాడు. మళ్లీ గ్లూకోజు పెట్టి, బాబుని పిలిచి కాగితం మీద బొమ్మ గీసి చెప్పాడు. గ్లిమెపిరైడ్ మాత్ర ఒంట్లో ఇన్సులిన్‌ను ఊరేలా చేస్తుంది. తిండి పడ్డా, పడకపోయినా దాని పని అది చేసుకుపోతుంది. ఆ పని పూటతో ఆగదు, రోజంతా ఉంటుంది. మనం ఎక్కించిన గ్లూకోజు గంటలో ఖర్చైపోతుంది. అందుకే ఇలాంటి మనిషి లేచి కూర్చుని మాట్లాడినా ఇంటికి పంపకూడదు, రోజంతా కనిపెట్టి ఉండాలి. వాంతుల మాత్రతో మత్తు వస్తుంది కాబట్టి నిద్రపోతోందనుకుంటాం. నిద్రలో షుగర్ పడిపోతే పక్కన ఉన్నవాళ్లకు తెలియదు. తడిసిన దిండు ఒక్కటే తెలిపింది.

ఓడను వెనక్కి తిప్పరా అని అడిగాను. అందరూ అడిగే మాటే అయ్యుంటుంది, అతను విసుక్కోలేదు. ఇక్కడ చెయ్యలేని వైద్యం అవసరమైతే కెప్టెన్‌తో మాట్లాడతాననీ, దీనికి కావాల్సినవి ఇక్కడే ఉన్నాయనీ చెప్పాడు. నన్ను సముదాయించడానికి ఏమీ కలపలేదు. అందుకే నమ్మాను.

గురువారం తెల్లారింది. అప్పటికి గంటగంటకీ చూస్తున్న అంకె వంద దాటి నిలబడుతోంది. అమ్మ ఒక ఇడ్లీ తిని, కొంచెం పాలు తాగింది. కక్కలేదు. నడిపించి పైకి తీసుకెళ్లొచ్చన్నారు. ఆకాశం గీత కనిపించేచోట, ఓడ మధ్యలో కుర్చీ వేయించి కూర్చోబెట్టాం. ఆ గీత చూస్తూ నాకూ తగ్గింది. అమ్మకు రాత్రి సంగతి ఏమీ గుర్తు లేదు. బండి కట్టమన్నావు అని చెబితే, మా తాతగారి ఊరు వెళ్లడానికి అయ్యుంటుంది అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆమె కళ్లు మూసుకుంటే చాలు, అమ్మా నా పేరేటి అని అడుగుతున్నాను. పదిసార్లయ్యాక "నీ పేరు నానే ఎట్టేను, ఊరుకోయే" అని కసిరింది.

పాప ఈత కొలను చూసింది. మా ఆయన దానితో వెళ్లారు. సాయంత్రం పాటలేవో పెట్టారట. నేను గది దాటలేదు. పుదుచ్చేరి మా కుటుంబానికి లేనట్టే. చెన్నైలో దిగి రైలెక్కి అనకాపల్లి చేరాం. రైల్లో కూడా అమ్మ నిద్రపోతే దిండు తడిమి చూశాను. ఇప్పటికీ వడ్డాది వెళ్లి పడుకున్న రాత్రి అలాగే చూస్తాను.

ఊరొచ్చాక మా డాక్టరు రక్తపరీక్ష రాశారు. క్రియాటినిన్ కొంచెం ఎక్కువుంది. కిడ్నీ పని తగ్గిన పెద్దవాళ్లలో గ్లిమెపిరైడ్ ప్రభావం ఒంట్లో ఇంకా ఎక్కువసేపు ఉంటుందట. ఆ మందు తీసేసి వేరేది రాశారు. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజు, తిండి తినలేని రోజు ఏ మాత్ర ఆపాలి, ఏది ఆపకూడదు అని నేను అడిగితే చీటీ వెనక రాసి ఇచ్చారు. అది మనిషి మనిషికీ మారుతుందన్నారు. అందుకే అమ్మ చీటీలోది ఇక్కడ రాయడం లేదు. మీ ఇంట్లో షుగర్ మాత్ర వేసుకునే పెద్దవాళ్లుంటే, ప్రయాణం అనుకున్నప్పుడు ఆ ప్రశ్న మీ డాక్టరునే అడగండి. దానికి ఓడే ఎక్కక్కర్లేదు. అరకు ఘాట్ రోడ్డు మీద బస్సులో వాంతులైనా ఇదే సంగతి.

పార్వతీపురం పెద్దమ్మ చీర ఉతికి, ఇస్త్రీ చేసి పంపాం. ఆమె దానికి బదులు చింతపండు పంపింది. ఇప్పుడు వాళ్లిద్దరూ ఫోన్‌లో మాట్లాడుకుంటారు. నర్సు నంబరు బాబు దగ్గర ఉంది. గదులు శుభ్రం చేసే అబ్బాయికి దిగేరోజు మా ఆయన డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. హల్వా డబ్బా మాత్రం తీసుకున్నాడు. అతని పేరు చొక్కా మీద ఉండేది. ఇంగ్లీషు అక్షరాలే, నేను చదివాను కూడా. ఇప్పుడు గుర్తు రావడం లేదు. ఆ సంగతి నన్ను బాధపెడుతుంది.

తమ్ముడికి మేం వడ్డాది చేరాక చెప్పాం. ముందు చెబితే తనే టిక్కెట్లు కొన్నానని కుమిలిపోతాడని అమ్మ చెప్పనివ్వలేదు. విన్నాక వాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అమ్మ చీటీ రెండు వైపులా ఫొటో తీసి పంపమన్నాడు. పంపాను. వెనకవైపు రాత అర్థం కాలేదని మళ్లీ ఫోన్ చేసి, ఒక్కొక్క మాత్ర పేరు నాచేత చదివించుకున్నాడు.